తరుగెంత? మజూరీ ఎంత?

మా అత్తయ్య తెనాలి నుంచి డల్లాస్ వచ్చిన రెండో నెలలో కుడి డొక్కలో నొప్పి మొదలైంది. పెసరట్టు తిన్నా, పులిహోర తిన్నా గంట తిరక్కుండా మెలికలు తిరిగిపోయేది. అర్జెంట్ కేర్‌లో డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి, పిత్తాశయంలో రాళ్లేమో, అల్ట్రాసౌండ్ తీయించండని ఆర్డరు రాసిచ్చింది. అంత తొందరేమీ లేదు, వారంలోగా చేయిస్తే చాలని కూడా చెప్పింది. అయినా మేం మర్నాడే ఇంటికి దగ్గర్లో ఉన్న పెద్ద ఆసుపత్రికి ఫోన్ చేసి, ఖాళీ ఉన్న మొదటి టైము తీసుకున్నాం. ఎంతవుతుందని అడగలేదు. అడగాలని తోచింది గానీ నోరు రాలేదు. పెద్దావిడ నొప్పితో బాధపడుతుంటే పక్కన కూర్చుని బేరాలాడుతున్నానని ఆవిడ అనుకుంటుందేమోనని భయం.

నెల తిరిగేసరికి బిల్లొచ్చింది, 940 డాలర్లు. అది కట్టేసి హమ్మయ్య అనుకున్న మూడు వారాలకు, మేమెప్పుడూ పేరైనా వినని రేడియాలజీ గ్రూపు నుంచి ఇంకో కవరు. ఇది 185. మా వారు రెండూ కలిపి రూపాయల్లోకి మార్చబోతుంటే వద్దని సైగ చేశాను. అప్పటికే అత్తయ్య మనసులో మార్చేసింది.

"ఈ డబ్బుతో మా వీధి వీధంతటికీ స్కానింగ్ తీయించొచ్చు" అంది. కాసేపాగి, "పోయినేడు నువ్వు గొలుసు కొన్నప్పుడు రాళ్ల బరువు తీసేసి తూకం వేయించావు. తరుగెంత, మజూరీ ఎంత అని నన్ను నాలుగు షాపులు తిప్పావు. మరి ఇక్కడ నోరెందుకు పెగల్లేదమ్మాయ్?" అని అడిగింది.

స్కాన్‌లో రాళ్లు లేవని తేలింది. ఆ ప్రశ్న మాత్రం నాలో మిగిలిపోయింది. అమెరికాలో బీమా లేకుండా స్కాన్ చేయించుకోవాల్సిన వాళ్లకు, ముఖ్యంగా ఆరు నెలలుందామని వచ్చిన అమ్మానాన్నల కోసం ఆదుర్దాపడే పిల్లలకు, ఆ ప్రశ్నకు నేను వెతుక్కున్న జవాబే ఈ అధ్యాయం.

నోరు ఎందుకు పెగలదు?

మొదటి కారణం మొహమాటం. డబ్బు సంగతి ఎత్తితే ప్రేమ తక్కువైనట్టని మన పెంపకంలోనే ఉంది. రెండోది, ఇంకా పెద్దది, ఒక భ్రమ. ఆసుపత్రి ధరంటే బస్సు టికెట్‌లాంటిదనీ, ఎవరెక్కినా ఒకటేననీ అనుకుంటాం.

అమెరికా ఆసుపత్రిలో అలాంటి టికెట్ లేదు. ఒకే గదిలో, ఒకే మెషీను మీద, ఒకే మనిషి తీసే స్కాన్‌కు ఆసుపత్రి పుస్తకాల్లో ఎన్నో ధరలుంటాయి. అన్నిటికన్నా పైన ఉండేది 'గ్రాస్ ఛార్జ్'. ఆ కింద ఒక్కో బీమా కంపెనీతో కుదుర్చుకున్న ధర ఒక్కోటి. చేతి నుంచి కట్టుకునేవాళ్లకు 'డిస్కౌంటెడ్ క్యాష్ ప్రైస్' అని వేరే. కొన్నిచోట్ల ఈ నగదు ధర బీమా కంపెనీలు కుదుర్చుకున్న ధర కన్నా తక్కువగా ఉండటం కూడా కద్దు. ఇక ఆసుపత్రి దాటి బయట ఉండే విడి ఇమేజింగ్ సెంటర్‌కు వెళ్తే లెక్కే మారిపోతుంది. ఆసుపత్రిలో వెయ్యి దాకా పోయే కడుపు స్కాన్ అదే ఊళ్లో రెండొందలకో, అంతకన్నా తక్కువకో దొరకడం అరుదేం కాదు.

అంటే అడిగినవాళ్లకు ఒక ధర, అడగనివాళ్లకు ఒక ధర. ఇది తెలిశాక మొహమాటం దానంతటదే సగం తగ్గుతుంది.

ధర అడగకూడని వేళ

ఒక్క మాట ముందే చెప్పాలి. ఓర్చుకోలేని నొప్పి, నొప్పితో పాటు జ్వరం, కళ్లు పచ్చబడటం, ఆగని వాంతులు, రక్తం పడటం, స్పృహ తప్పడం, వీటిలో ఏది ఉన్నా ఈ పుస్తకం మూసేసి ఎమర్జెన్సీకి వెళ్లండి. మెడికేర్‌లో ఉన్న ఆసుపత్రుల ఎమర్జెన్సీ విభాగాలు బీమా ఉందా, డబ్బుందా అన్న వాకబుతో పరీక్షను ఆలస్యం చేయకూడదని 1986 నాటి ఎమ్టాలా చట్టం చెబుతోంది. బిల్లు తర్వాత వస్తుంది, దాని సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఈ అధ్యాయంలో చెప్పేదంతా డాక్టరు "వారంలో చేయించండి" అన్న స్కాన్‌కే.

అందుకే డాక్టరు గదిలోంచి బయటికొచ్చే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న డబ్బు గురించి కాదు, "ఇది ఎన్నాళ్లు ఆగొచ్చు?" అని. ఆ జవాబును బట్టే నాలుగు చోట్ల అడిగే తీరిక మీకుందో లేదో తేలుతుంది.

మొదటి మెట్టు: వస్తువు పేరు సరిగ్గా తెలుసుకోవడం

"గొలుసెంత?" అని అడిగితే షాపువాడు నవ్వుతాడు. ఎన్ని గ్రాములు, ఎన్ని క్యారెట్లు అన్నది చెప్పాలి. "కడుపు స్కానింగ్ ఎంత?" అన్నదీ అలాంటి ప్రశ్నే. ఇక్కడ గ్రాముల స్థానంలో ఐదంకెల సీపీటీ కోడ్ ఉంటుంది.

కడుపు పైభాగమంతా చూసే పూర్తి స్కాన్ కోడ్ 76700. కాలేయం, పిత్తాశయం, పిత్తనాళం, క్లోమం, ప్లీహం, రెండు కిడ్నీలు, వీటి వెనకున్న పెద్ద రక్తనాళాలు ఇందులోకి వస్తాయి. ఒక అవయవాన్నో, ఒక మూలనో చూసి ఊరుకునే పరిమిత స్కాన్ 76705. పిత్తాశయం ఒక్కటే చూడాలంటే డాక్టర్లు తరచు ఇదే రాస్తారు. రెండింటి ధరా ఒకటి కాదు. ఒకచోట 76705 ధర, ఇంకోచోట 76700 ధర అడిగి పోల్చుకుంటే ఇరవైరెండు క్యారెట్లను పద్దెనిమిదితో తూచినట్టే.

మనవాళ్లు జారిపడే చోటు ఇంకోటుంది. తెనాలిలోనో, కరీంనగర్‌లోనో 'హోల్ అబ్డామెన్' అంటే పైకడుపూ పొత్తికడుపూ కలిపి ఒకే స్కానింగ్. పరగడుపున రమ్మంటారు, నీళ్లు తాగి ఆపుకుని కూర్చోమంటారు, గర్భసంచో, ప్రోస్టేటో దాకా అన్నీ ఒకేసారి చూసేస్తారు. అమెరికాలో పొత్తికడుపు స్కాన్ వేరు, దాని కోడ్ 76856. అది రాస్తే దాని బిల్లు అదనం. కాబట్టి "మొత్తం పొట్టంతా చూసేయండి" అని అత్తయ్య అన్నారని కౌంటరులో మీరు అనేయకండి. ఏది అవసరమో డాక్టరు నిర్ణయించాలి, మీరు తెలుసుకోవాల్సింది ఆర్డరులో ఉన్న కోడ్ ఏదన్నదే. రాసి లేకపోతే క్లినిక్‌కు ఫోన్ చేసి అడగండి, రెండు నిమిషాల పని. మా అత్తయ్య ఆర్డరులో ఏ కోడ్ ఉందో నాకు ఈ రోజుకీ తెలీదు.

ఆ ఆర్డరు కాగితం జాగ్రత్తగా దాచుకోండి. మన దగ్గర మనంతట మనమే సెంటర్‌కు వెళ్లి తీయించుకునే అలవాటుంది. ఇక్కడ డాక్టరు ఆర్డరు లేనిదే స్కాన్ గదిలోకి రానివ్వరు. ఆ ఆర్డరు ఫలానా ఆసుపత్రి పేర రాసి ఉన్నా, దాన్ని మరో సెంటర్‌కు పంపించమని డాక్టరు ఆఫీసును అడగొచ్చు.

రెండో మెట్టు: రెండు బిల్లులని గుర్తుపెట్టుకోవడం

మన ఊళ్లో స్కానింగ్ అంటే రేడియాలజిస్టే వచ్చి, పొట్ట మీద జెల్ రాసి, ప్రోబ్ తిప్పుతూ, "రాళ్లేం లేవమ్మా, కొంచెం ఫ్యాటీ లివర్ ఉంది" అని అక్కడే చెప్పేస్తాడు. అమెరికాలో ప్రోబ్ పట్టుకునేది సోనోగ్రాఫర్. ఆ అమ్మాయి నవ్వుతూ కబుర్లు చెబుతుంది గానీ ఏం కనిపించిందంటే మాత్రం పెదవి విప్పదు. రేడియాలజిస్టు వేరే గదిలోనో, ఒక్కోసారి వేరే ఊళ్లోనో కూర్చుని, ఆ బొమ్మలు చూసి రిపోర్టు రాస్తాడు.

మనుషులు ఇద్దరు కాబట్టి బిల్లులూ రెండు. మెషీను, గది, సోనోగ్రాఫర్ తాలూకు ఖర్చు 'టెక్నికల్'. రిపోర్టు రాసినందుకు ఇచ్చేది 'ప్రొఫెషనల్'. రెండూ కలిపితే 'గ్లోబల్'. ఫోన్‌లో మీకు చెప్పే ధర చాలాసార్లు మొదటిదే. రెండోది మూడు వారాల తర్వాత వేరే పేరుతో, వేరే కవరులో వస్తుంది. తరుగూ మజూరీ అడక్కుండా గ్రాము ధర చూసి గొలుసు కొన్నట్టన్నమాట. మాకు జరిగింది అదే.

మూడో మెట్టు: ఎక్కడ వెతకాలి?

ఆసుపత్రుల ధరలు ఇంట్లో కూర్చునే చూడొచ్చు. 2021 జనవరి 1 నుంచి అమెరికా ఆసుపత్రులన్నీ తమ ధరలను ఇంటర్నెట్‌లో పెట్టాలన్న నిబంధన అమల్లో ఉంది. అందులో నగదు ధర కూడా తప్పనిసరి. జనం ముందుగా పోల్చి చూసుకోగల మూడొందల సేవల ధరలను మామూలు మనిషికి అర్థమయ్యేలా చూపించాలి. వాటిలో డెబ్బై ఏవో ప్రభుత్వమే పేర్లు పెట్టి చెప్పింది. మన 76700 ఆ డెబ్బైలో ఒకటి. ఆసుపత్రి వెబ్‌సైట్‌లో పేజీ అడుక్కంటా దిగితే 'ప్రైస్ ట్రాన్స్‌పరెన్సీ' అనే లింకు కనబడుతుంది. చాలాచోట్ల 'ఎస్టిమేటర్' కూడా ఉంటుంది. అందులో బీమా అని అడిగిన దగ్గర 'సెల్ఫ్ పే' ఎంచుకుని, కోడ్ కొట్టండి.

విడి ఇమేజింగ్ సెంటర్లకు ఈ నిబంధన వర్తించదు. అక్కడ ఫోనే దిక్కు. ఇందులో ఒక మాయ ఉంది. షాపింగ్ కాంప్లెక్స్‌లో, కిరాణా కొట్టు పక్కన, చిన్న బోర్డుతో కనిపించే సెంటర్ కూడా పెద్ద ఆసుపత్రిదే కావచ్చు. అలాంటిచోట ఆసుపత్రి ధరే పడుతుంది. "మీరు హాస్పిటల్ అవుట్‌పేషెంట్ డిపార్ట్‌మెంట్‌గా బిల్లు వేస్తారా?" అని అడిగితే సంగతి తేలిపోతుంది.

చవక అన్నది చూసి నాణ్యత మర్చిపోవద్దు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ గుర్తింపు ఉందా, రిపోర్టు ఎన్నాళ్లకు మీ డాక్టరుకు చేరుతుంది, ఈ రెండూ కూడా ఫోన్‌లోనే అడగండి.

నాలుగో మెట్టు: ఫోన్

మరుసటి ఏడు మామయ్య కూడా వచ్చారు. రక్తపరీక్షలో లివర్ ఎంజైములు ఎక్కువున్నాయని ఆయనకు పూర్తి కడుపు స్కాన్ రాశారు. ఈసారి నేను కాఫీ గ్లాసు, పుస్తకం, పెన్ను పెట్టుకుని కూర్చున్నాను. ధర కనుక్కోవడానికి పేషెంటు పేరు, పుట్టినతేదీ చెప్పక్కర్లేదు. ఎవరు ఫోనెత్తినా నా మాటల వరస ఇదే:

"మా మామగారికి 76700 స్కాన్ చేయించాలి. బీమా లేదు, సెల్ఫ్ పే. మీ నగదు ధరెంత?"

"అది గ్లోబలా, టెక్నికల్ ఒక్కటేనా? రిపోర్టు రాసే రేడియాలజిస్టు బిల్లు ఇందులో ఉందా? లేకపోతే ఆ గ్రూపు పేరు, ఫోన్ నంబరు చెబుతారా?"

"స్కాన్ రోజునే మొత్తం కట్టేస్తే ఇంకేమన్నా తగ్గిస్తారా?"

"ఇదే ధరను గుడ్ ఫెయిత్ ఎస్టిమేట్‌గా రాసి పంపిస్తారా? మీ పేరు చెబుతారా?"

నాలుగో ప్రశ్న దగ్గర ఎక్కువమంది గొంతు మారుతుంది. అప్పటిదాకా "సుమారుగా" అన్నవాళ్లు "ఒక్క నిమిషం లైన్లో ఉండండి" అంటారు. ఉండండి, అసలు అంకె ఆ నిమిషంలోనే బయటికొస్తుంది.

ఆ రోజు నా పుస్తకంలో రాసుకున్నవి ఇవి. మీ ఊరి అంకెలు వేరుగా ఉంటాయి, చూడాల్సింది వరసల మధ్య తేడా.

మొదటి ఆసుపత్రి: 610. రిపోర్టు ఫీజు వేరు, ఎంతో చెప్పలేదు.

రెండో ఆసుపత్రి: 480. ముందే కడితే 384. రిపోర్టుకు 140. మొత్తం 524.

కిరాణా కొట్టు పక్కన సెంటర్: 390. ఆసుపత్రివాళ్లదే. రిపోర్టు ఫీజు వేరు.

విడి సెంటర్, ఇంటికి ఇరవై నిమిషాలు: 165. అన్నీ కలిపి.

నాలుగు ఫోన్లకూ కలిపి యాభై నిమిషాలు పట్టింది. అందులో ముప్పావు వంతు వాళ్లు వినిపించిన పాటలే.

ఐదో మెట్టు: మాట కాదు, కాగితం

ఫోన్‌లో చెప్పింది గాలిమాట. 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన 'నో సర్‌ప్రైజెస్' చట్టం మీకు కాగితం అడిగే హక్కు ఇచ్చింది. బీమా లేకపోయినా, ఉండి వాడుకోవద్దనుకున్నా, మీరడిగితే మూడు పనిదినాల్లో 'గుడ్ ఫెయిత్ ఎస్టిమేట్' ఇవ్వాలి. కనీసం మూడు పనిదినాల ముందు అపాయింట్‌మెంట్ తీసుకుంటే, అడక్కపోయినా మరుసటి పనిదినానికి అందాలి. పది పనిదినాలో, అంతకన్నా ముందో తీసుకుంటే మూడు పనిదినాల గడువుంటుంది.

ఆ కాగితానికి పదునుంది. అంచనా ఇచ్చిన సంస్థే దానికన్నా 400 డాలర్లో, అంతకు మించో ఎక్కువ బిల్లు వేస్తే, మొదటి బిల్లు తేదీ నుంచి 120 రోజుల్లోగా ప్రభుత్వం ఏర్పాటు చేసిన వివాద పరిష్కార పద్ధతికి వెళ్లొచ్చు. దానికి రుసుము 25 డాలర్లు. అయితే రేడియాలజిస్టు గ్రూపు వేరే సంస్థ అయితే వాళ్ల అంకె ఈ అంచనాలో లేకపోవచ్చు. అందుకే నాలుగో మెట్టులో వాళ్ల ఫోన్ నంబరు అడగమన్నాను. వాళ్లకూ ఫోన్ చేసి వాళ్ల అంచనా కూడా తీసుకోండి.

ఆరో మెట్టు: అప్పటికే బిల్లు వచ్చేస్తే

ఇదంతా చదివి "అయ్యో, మొన్ననే కట్టేశామే" అనుకునేవాళ్లుంటారు. ఇంకా కట్టనివాళ్లకు మాత్రం చాలా దారులున్నాయి. మొదట అంశాలవారీ బిల్లు అడగండి. అందులోని కోడ్, మీ ఆర్డరులోని కోడ్ ఒకటేనా చూడండి. తర్వాత అదే ఆసుపత్రి వెబ్‌సైట్‌లో పెట్టిన నగదు ధర చూసి, మీకు వేసిన అంకెతో పోల్చండి. తేడా ఉంటే బిల్లింగ్ విభాగానికి ఫోన్ చేసి, "మీరు ప్రకటించిన సెల్ఫ్ పే ధర ఇది, నాకెందుకు వర్తించలేదు?" అని నెమ్మదిగా అడగండి. అరవద్దు. అవతల ఉన్నది ధరలు పెట్టిన మనిషి కాదు, అయినా తగ్గించే మీట చాలాసార్లు ఆ మనిషి చేతిలోనే ఉంటుంది.

లాభాపేక్ష లేని ఆసుపత్రులకు రాతపూర్వకమైన ఆర్థిక సహాయ విధానం ఉండి తీరాలని ఇక్కడి పన్ను చట్టం చెబుతుంది. మొదటి బిల్లు వచ్చిన నాటి నుంచి 240 రోజుల దాకా దరఖాస్తు తీసుకోవాలి. ఎవరికి వర్తిస్తుందన్నది ఒక్కో ఆసుపత్రిలో ఒక్కోలా ఉంటుంది. బీమా లేని విద్యార్థులు, ఉద్యోగం పోయినవాళ్లు ముందు ఆ కాగితం చదవాలి. ఆదాయం తక్కువున్నవాళ్లు డాక్టరును చూడటానికే ఫెడరల్ సాయంతో నడిచే కమ్యూనిటీ హెల్త్ సెంటర్‌కు వెళ్తే, ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గుతుంది.

విమానం ఎక్కకముందే చేయగలిగిన పని

అమ్మానాన్నలు బయల్దేరే ముందు పచ్చళ్లతో పాటు పాత స్కానింగ్ రిపోర్టులు కూడా పెట్టెలో పెట్టించండి. నిరుడు ఇంటి దగ్గర తీసిన రిపోర్టులో ఫ్యాటీ లివర్ అని ఉంటే, ఇక్కడి డాక్టరు అది చూసి, మళ్లీ వెంటనే తీయాలా, తిరిగి వెళ్లాక తీయించుకున్నా సరిపోతుందా చెప్పగలుగుతారు. ఆగొచ్చని డాక్టరే అంటే, మన ఊళ్లో వెయ్యీ రెండువేల రూపాయల్లో అయ్యే పనిని ఇక్కడ డాలర్లలో చేయించుకోవాల్సిన పనిలేదు. ఆ మాట డాక్టరు నోట రావాలి గానీ, డబ్బు గురించి భయపడి అమ్మ తనంతట తను "నొప్పి తగ్గిపోయిందిలే" అనకూడదు. బిల్లు చూశాక మా అత్తయ్య రెండు వారాలు అదే మాట అంది. ధర కనుక్కోకపోవడం వల్ల జరిగే అసలు నష్టం ఇదే. ఒకసారి అంత బిల్లు చూసిన పెద్దవాళ్లు రెండోసారి నొప్పి వస్తే చెప్పరు.

ఈ వారం ఇది చేయండి

మీ ఇంట్లో ఎవరికీ ఏ నొప్పీ లేని ఈ వారంలోనే ఒక అరగంట కేటాయించండి. మీకు దగ్గర్లో ఉన్న రెండు ఆసుపత్రుల వెబ్‌సైట్లలో 76700 నగదు ధర చూసి రాసుకోండి. రెండు విడి సెంటర్లకు ఫోన్ చేసి, పై నాలుగు ప్రశ్నలూ అడగండి. నాలుగు వరసలు రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. నొప్పి వచ్చిన రోజున ఎవరి బుర్రా పనిచేయదు, ఆ రోజుకు ఆ కాగితం పనిచేస్తుంది.

మామయ్య స్కాన్ రోజున 165 డాలర్లు కట్టడానికి కార్డు తీశాను. పక్కన నిలబడ్డ అత్తయ్య నా మోచేతి మీద తట్టి, "ఇంతేనా, తర్వాత ఇంకేమన్నా ఉందా అని అడుగమ్మాయ్" అంది. ఫోన్‌లో ఒకసారి, మెయిల్‌లో ఒకసారి అడిగే ఉన్నాను. అయినా మళ్లీ అడిగాను. కౌంటరులో అమ్మాయి నవ్వి, రసీదు మీద 'మొత్తం చెల్లించారు' అని రాసి, సంతకం పెట్టి ఇచ్చింది. అందులో ఏం రాసి ఉందో నాతో చదివించుకుని, అత్తయ్య ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, పాస్‌పోర్టు దాచుకునే సంచీలో వేసుకుంది.